మెడలో జబ్బు – కంటికి ముప్పు

మిరపకాయలు కోసి వచ్చిన రోజు కళ్లు మండుతాయి. నీళ్లు కారతాయి. ఎర్రబడతాయి. కీసర, కంచికచర్ల, నందిగామ వైపు కూలికి వెళ్లే అక్కచెల్లెళ్లకు ఇది తెలిసిన సంగతే. చల్లని నీళ్లతో కడుక్కుంటాం. పడుకుని లేస్తే తగ్గుతుంది.

కోతలు అయిపోయి నెల దాటినా తగ్గకపోతే? కళ్లు ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే? అది మిరప ఘాటు కాదు. దిష్టీ కాదు. థైరాయిడ్ జబ్బు కావచ్చు.

థైరాయిడ్ అంటే ఏమిటి?

మన మెడ ముందు భాగంలో ఒక చిన్న గ్రంథి ఉంది. సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. దాని పేరు థైరాయిడ్. దాని నుంచి ఒక రసం ఊరి రక్తంలో కలుస్తుంది. ఒంట్లో వేడి, గుండె వేగం ఆ రసం మీద ఆధారపడతాయి.

రసం తక్కువైతే నీరసం వస్తుంది. ఒళ్లు బరువెక్కుతుంది. చలి ఓర్చుకోలేరు. రసం ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, చెమట. బాగా తిన్నా ఒళ్లు చిక్కిపోతుంది. ఈ జబ్బులు మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ.

కంటికి ఎందుకు వస్తుంది?

మన ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంది. అది కాపలా కుక్క లాంటిది. ఒక్కోసారి కాపలా కుక్క ఇంటివాళ్లనే కరుస్తుంది. అలాగే ఆ శక్తి థైరాయిడ్ మీద, కంటి వెనక కండల మీద, కొవ్వు మీద పడుతుంది. అవి వాస్తాయి. కంటి చుట్టూ ఎముక ఉంది. వెనక్కి చోటు లేదు. అందుకే కనుగుడ్డు ముందుకు వస్తుంది.

దీన్ని గ్రేవ్స్ జబ్బు అంటారు. 1835లో ఐర్లండు డాక్టరు రాబర్ట్ గ్రేవ్స్ దీని గురించి రాశాడు.

గుర్తులు ఏమిటి?

కంట్లో ఇసుక పడ్డట్టు ఉంటుంది. రెప్పలు పూర్తిగా మూతపడవు. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది.

చాలామందికి చూపు పోదు. కానీ వాపు కంటి నరాన్ని నొక్కితే చూపు మసకబారుతుంది. రంగులు వెలిసిపోతాయి. ఎర్రటి మిరపపండు కూడా పాలిపోయి కనిపిస్తుంది. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఏం చేయాలి?

• రక్త పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష బాగున్నా కళ్లు ఉబ్బితే కంటి డాక్టరుకు చూపించాలి.
• డాక్టరు రాసిన బిళ్లలు సొంతంగా మానకూడదు.
• కంట్లో ఆకు పసరు, పాలు పోయకూడదు.
• తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. ఎండలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి.
• బీడీ, చుట్ట పొగ ఈ జబ్బును పెంచుతుంది. ఇంట్లో కాల్చవద్దని మగవాళ్లకు గట్టిగా చెప్పాలి.
• అయోడిన్ ఉప్పు మంచిదే. కానీ ఈ జబ్బు ఉప్పుతో తగ్గదు.

ముందు నందిగామ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

కూలి పోతుందని ఆలోచించకండి. ఒక రోజు కూలి మళ్లీ సంపాదించుకోవచ్చు. పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

చెప్పండి – రాయండి

1. థైరాయిడ్ గ్రంథి ఎక్కడ ఉంటుంది?
2. కనుగుడ్డు ముందుకు ఎందుకు వస్తుంది?
3. ఏ గుర్తు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?
4. మీ వీధిలో ఎవరికైనా ఈ గుర్తులు ఉన్నాయా? ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి.