పాత జీపును అడవి దారులకు సిద్ధపఱచు విధము



ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వెళ్లువారికి తారు రోడ్డు కలదు. అయితే ఆ రోడ్డును విడిచి గుండాల అడవుల వైపునకో, చర్ల దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపునకో తిరిగినచో, కొన్ని గూడెములకు నేటికిని బండిదారియే గతి. వేసవిలో ఆ దారులు మోకాలి లోతు దుమ్ము. వానకాలములో అవే బురద గుంటలు. వాగు పొంగిన దినమున జ్వరపీడితులను, పురిటి నొప్పులు పడు స్త్రీలను డోలీలో మోసికొని వచ్చిన వార్తలను మనము పత్రికలలో తఱచుగా చదువుచున్నాము. అట్టి చోట్ల, నాలుగు చక్రములకును ఇంజను బలము అందు పాత జీపు ఒకటి పనిచేయు స్థితిలో నున్నచో ఊరికెంతయో మేలు.

క్రొత్త బండి కొనుటకు అందఱికిని శక్తి చాలదు. కావున పాత బండిని కొద్ది ధనముతో ఎట్లు బాగుచేయవలెను, ఏది ముందు, ఏది వెనుక, అను సంగతులను ఈ పాఠమున వివరించెదము. బండి నడుపుటకు పదునెనిమిదేండ్ల వయస్సును లైసెన్సును కావలెను; కాని బండి పనితీరును గ్రహించుటకు వయోనియమము లేదు. తరగతిలో మీరు నేర్చుకొన్న భౌతికశాస్త్రమును గణితమును ఇక్కడ ఎట్లు అక్కఱకు వచ్చునో చూడుడు.

1. బండిని ఎన్నుకొనుట

జీపు రెండవ ప్రపంచ యుద్ధమున సైన్యముల కొఱకు అమెరికా దేశమున పుట్టినది. 1941 మొదలు యుద్ధాంతము వఱకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. మన దేశమున 1945లో బొంబాయిలో స్థాపింపబడి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అను పేరు దాల్చిన కంపెనీ మొదట విల్లీస్ జీపుల భాగములను తెప్పించి అమర్చి అమ్మెను. పిమ్మట వానిని ఇక్కడనే తయారుచేసెను. 1985లో మారుతి కంపెనీ జిప్సీ అను తేలికబండిని తెచ్చెను. జబల్పూరు కర్మాగారమున సైన్యము కొఱకు తయారైన జోంగా అను పెద్ద బండ్లు కొన్ని వేలములో ప్రజలకు చేరినవి. జోంగా మిక్కిలి బలమైనదే. కాని ఇంచుమించు నాలుగు లీటర్ల ఆఱు సిలిండర్ల ఇంజను గలది గావున పెట్రోలు విపరీతముగా త్రాగును.

ఏది కొనదగినది? మా యుత్తర మిది: ఏ బండి విడిభాగములు మీ ఊరికి చేరువలో దొరకునో, ఏ బండిని మీ ఊరి మెకానిక్కు ఎఱుగునో, ఆ బండియే మంచిది. మఱొక జాగ్రత్త గలదు. పాత మహీంద్రా బండ్లన్నియు నాలుగు చక్రముల బలము గలవి కావు. వెనుక చక్రములు మాత్రమే లాగునవియు కలవు. కావున బండి క్రిందికి వంగి, ముందు ఇరుసునకు షాఫ్టు ఉన్నదో లేదో కన్నులార చూచి కొనవలెను. అమ్మువాని మాట చాలదు.

2. నాలుగు చక్రముల బలమనగా నేమి?

ఇంజను బలము గేరు పెట్టెలోనికి వచ్చును. దాని వెనుక ట్రాన్స్‌ఫరు కేసు అను రెండవ పెట్టె యుండును. అది రెండు పనులు చేయును: బలమును ముందు ఇరుసునకు కూడ పంచుట యొకటి, వేగమును తగ్గించి లాగుడు శక్తిని హెచ్చించుట రెండవది. ఈ రెండవ దానిని దిగువ శ్రేణి యందుము.

పాత విల్లీస్ నమూనా జీపు లెక్కను చూడుడు. మొదటి గేరులో ఇంజను సుమారు 2.8 మాఱులు తిరిగినచో గేరు పెట్టె షాఫ్టు ఒకమాఱు తిరుగును. దిగువ శ్రేణి దానిని 2.46 రెట్లు తగ్గించును. ఇరుసులోని పండ్లచక్రములు 5.38 రెట్లు తగ్గించును. మూడింటిని గుణింపగా సుమారు 37. అనగా ఇంజను 37 మాఱులు తిరిగినప్పుడు చక్రము ఒకమాఱు తిరుగును. ఇంజను నిమిషమునకు 1000 మాఱులు తిరుగుచున్నచో చక్రము 27 మాఱులు తిరుగును. చక్రపు చుట్టుకొలత సుమారు 2.27 మీటర్లు గనుక బండి నిమిషమునకు 61 మీటర్లు, గంటకు మూడున్నర కిలోమీటర్లకు కొంచెము మించి పోవును. మనిషి తీఱికగా నడచు నడక యిదియే. ఎక్కుటకు ఎంత బలమో, దిగునప్పుడు ఇంజను బండిని పట్టి యుంచుటకును అంత బలము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; దీని విలువ ముందు తెలియును.

మఱొక సంగతి. మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రము కంటె ఎక్కువ దూరము పోవలెను. అందులకై ఇరుసు నడుమ డిఫరెన్షియలు అను అమరిక యుండును. అది రెండు చక్రములకును సమానమైన తిప్పుడు బలము నిచ్చును. ఒక చక్రము బురదలో పట్టు లేక ఊరక తిరిగినచో, రెండవ చక్రమునకును అంత స్వల్ప బలమే అందును. అందుచేత నాలుగు చక్రముల బండియైనను, ముందు ఒకటి వెనుక ఒకటి జాఱినచో నిలిచిపోవును. ఇక గట్టి తారు రోడ్డు మీద ముందు ఇరుసును కలిపి నడుపరాదు. ముందు వెనుక ఇరుసులు మలుపులో వేర్వేఱు దూరములు పోలేక పండ్లచక్రములు మెలిపడి చెడును.

3. మా పొరపాటు

ఇప్పుడు మా స్వానుభవ మొకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగా నున్నను, మీకు మేలగునని చెప్పుచున్నాము. కొన్నియేండ్ల క్రిందట మేమొక పాత జీపును కొంటిమి. చేతనున్న ధనముతో మొదట నాలుగు క్రొత్త టైర్లు కొని, బండికి ఆకుపచ్చ రంగు వేయించితిమి. బ్రేకులు "పనిచేయుచున్నవి గదా" యని విడిచితిమి. చేతి బ్రేకు తీగ తెగియున్న సంగతి ఎఱిగియు, తరువాత చూతమనుకొంటిమి.

ఒక సెలవు దినమున ఒక పల్లె బడికి పుస్తకములు చేర్చుటకు బయలుదేఱితిమి. వెనుక నలుగురు విద్యార్థులు కూర్చుండిరి. ఒక వాగు గట్టు మిక్కిలి వాలుగా నుండుట చూచి దిగువ శ్రేణిలో మొదటి గేరు వేసి దిగుచుంటిమి. సగము దిగగానే బ్రేకు మీద పెట్టిన కాలు అడుగు రేకు వఱకు దిగిపోయెను. బ్రేకు గొట్టమొకటి తుప్పుపట్టి పగిలెను. ఆ పాత బండిలో నాలుగు చక్రములకును ఒకే నూనె మార్గము. మూసియున్న ద్రవమున ఒత్తిడి అన్ని వైపులకు సమముగా ప్రసరించునని పాస్కల్ సూత్రమును తరగతిలో బోధించిన మేమే, ఒకచోట కారినచో అన్నిచోట్ల పోవునని ఆలోచింపమైతిమి!

క్లచ్చి త్రొక్కకుండుట యొక్కటే ఆనాడు మేము చేసిన మంచి పని. ఇంజను బండిని నడక వేగమున పట్టి యుంచెను. బండి వాగు ఇసుకలోనికి దిగి నిలిచెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. పిల్లలు నవ్వుచు దిగిరి. మా చేతులు మాత్రము చాలసేపు వణకుచుండెను. పగిలిన గొట్టమును, అన్ని చక్రముల బ్రేకు రబ్బరులును మార్పించుటకైన ఖర్చు, మేము కొన్న ఒక్క టైరు వెలకంటె తక్కువ. నాటినుండి ఖర్చు క్రమమును మార్చుకొంటిమి.

4. పని క్రమము

మొదటిది చాసీ. బురదను కడిగి, చిన్న సుత్తితో పొడుగునను తట్టి చూడవలెను. గట్టి ఇనుము గణగణ మ్రోగును. తుప్పు తిన్నచోట మొద్దు ధ్వని వచ్చును. అట్టి చోట కుళ్లిన రేకును కోసివేసి క్రొత్తది వెల్డింగు చేయింపవలెను. పైపై అతుకు మోసము.

రెండవది బ్రేకులును స్టీరింగును. గొట్టములు, రబ్బరులు, చేతి బ్రేకు అన్నియు మార్పింపవలెను. ముందు చక్రమును జాకీ మీద లేపి, పైనను క్రిందను పట్టి ఊపినచో ఆట తెలియును. ఆట యున్నచో బేరింగులు, స్టీరింగు రాడ్ల కొనలు సరిచేయింపవలెను.

మూడవది టైర్లు. ఇరుసు నడిమి గుండు నేలకెంత ఎత్తున నున్నదో అంతకంటె పెద్ద రాయిని బండి దాటలేదు. కమానులను ఎత్తించినచో బండి తొట్టి మాత్రమే లేచును; ఇరుసు లేవదు. టైరు వ్యాసమును 28 అంగుళముల నుండి 30కి పెంచినచో ఇరుసు లేచునది ఒక్క అంగుళమే. మఱియు ఎత్తైన బండి ప్రక్కవాలులో త్వరగా బోల్తాపడును. కావున పెద్ద మార్పులకు పోక, మంచి గళ్లుగల మామూలు టైర్లు చాలును. ఇసుకలో దిగబడినప్పుడు చదరపు అంగుళమునకు 28 పౌండ్లున్న గాలిని 18 వఱకు తగ్గించినచో టైరు వెడల్పుగా పఱచుకొని బరువును పంచును. ట్యూబు టైర్లలో అంతకంటె తగ్గింపరాదు. టైరు రిమ్ము మీద జాఱి ట్యూబు పిన్నును చీల్చును. గట్టి నేల చేరగానే కాలి పంపుతో మఱల నింపవలెను. మన అడవిలో నఱికిన వెదురు మోళ్లు కత్తులవలె నుండును గనుక అదనపు టైరు తప్పనిసరి.

నాలుగవది చల్లదనము. దిగువ శ్రేణిలో ఇంజను వేగముగా తిరుగును, బండి మెల్లగా పోవును, ఎదురుగాలి తగులదు. కావున రేడియేటరును లోపల శుభ్రపఱచి, ఫ్యాను బెల్టు ఒకటి అదనముగా ఉంచుకొనవలెను.

ఐదవది కమానులు. విఱిగిన పట్టెలను మార్చి, కుంగిన వానికి వంపు తీయింపవలెను. ఆఱవది బయటపడు సామగ్రి: ముందు వెనుక చాసీకి బిగించిన కొక్కెములు, గట్టి మోకు, పాఱ, రెండు పలకలు, జాకీ క్రింద వేయుటకు మందపు చెక్క.

బాగుసేతకు నూఱు రూపాయలున్నవనుకొన్నచో మేమిట్లు పంచుదుము: చాసీ, బ్రేకులు, స్టీరింగులకు 40, టైర్లకు 25, రేడియేటరునకు, కరెంటు తీగలకు 10, కమానులకు 10, బయటపడు సామగ్రికి 5, అనుకోని ఖర్చునకు 10. బండి స్థితినిబట్టి ఇది కొంత మాఱవచ్చును. రంగునకు, అదనపు దీపములకు ఇందులో చోటు లేదని గమనింతురు గాక.

5. వాగు దాటుట

తెలియని వాగులోనికి బండిని దింపరాదు. ముందు కఱ్ఱ పట్టుకొని మనిషి నడచి చూడవలెను. మనిషి నడువజాలని ప్రవాహమున బండియు పోరాదు. రెండడుగుల లోతున వడిగా పాఱు నీరు చాలమట్టుకు వాహనములను తేల్చి కొట్టుకొనిపోగలదు. నాలుగు చక్రముల బలము తేలిన బండికి నిరుపయోగము.

మన ప్రాంతమున ఇంకొక విశేషమున్నది. భద్రాచలమున గోదావరి 43 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చెను. గోదావరి నిండినప్పుడు దానిలో కలియు వాగుల నీరు పోవు దారి లేక వెనుకకు ఎగదన్నును. అందుచేత మన ఊరిలో చినుకు పడకున్నను వాగు లోతు కావచ్చును. ఆకాశమును మాత్రమే చూచి వాగు దాటువాడు మోసపోవును.

నీటిలో మెల్లగా, ఆపక పోవలెను. పెట్రోలు బండిలో ఫ్యాను నీటిని చిమ్మి కరెంటు తీగలను తడుపును గనుక బెల్టును వదులు చేయవలెను. డీజిలు ఇంజనుకు ఆ భయము తక్కువ. కాని గాలి గొట్టము ద్వారా సిలిండరులోనికి నీరు పోయినచో, గాలివలె నీరు కుదింపబడదు గనుక లోపలి రాడ్డు వంగును. ఒడ్డు చేరిన పిమ్మట బ్రేకులను మెల్లగా నొక్కుచు కొంతదూరము పోయి ఆఱబెట్టవలెను. మఱునాడు ఇరుసు నూనెను చూడవలెను. వేడి ఇరుసు చన్నీట మునిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని నీటిని పీల్చును. నూనె పాలవలె తెల్లబడినచో వెంటనే మార్పింపవలెను.

6. చట్టమును అడవియును

1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. ఇంజను మార్చుటకు అధికారుల అనుమతి కావలెను. సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిమ్మట పరీక్ష చేయించి ఐదేండ్లకొకమాఱు పునరుద్ధరింపవలెను. పత్రములు లేని బండి ఎంత చౌకయైనను కొనదగినది కాదు.

కిన్నెరసాని అభయారణ్యము వంటి చోట్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వర్తించును. అనుమతి లేక బండితో ప్రవేశింపరాదు. జీపు ఎక్కడికైనను పోగలదు గనుక ఎక్కడికైనను పోవచ్చునని తలంపకుడు. ఉన్న దారిని విడిచి పోయినచో టేకు, ఇప్ప మొలకలు నలగును. చక్రపు గాడిలో వాననీరు పాఱి గండియగును. మన అవసరము పల్లెకు చేరుట, అడవిని జయించుట కాదు.

విద్యార్థులారా, కంటికి కనబడు పనికి ముందు కనబడని పని చేయవలెనను సంగతిని మేము ఒక తుప్పుగొట్టము వలన నేర్చుకొంటిమి. మీరు ఈ పాఠము వలననే నేర్చుకొనినచో మా సిగ్గు సార్థకమగును.

అభ్యాసము

1. దిగువ శ్రేణి వేయక మొదటి గేరులో మాత్రమే పోయినచో ఇంజను ఎన్ని మాఱులు తిరిగిన చక్రము ఒకమాఱు తిరుగును? నిమిషమునకు 1000 మాఱులైనచో బండి వేగమెంత?

2. కమానులను మూడంగుళములు ఎత్తించినను బండి దాటగల రాయి ఎత్తు ఏల పెరుగదు? బొమ్మ గీచి చూపుడు.

3. మీ ఊరి దారిలోని వాగు ఏ నదిలో కలియునో పెద్దలనడిగి, గోదావరి నిండినప్పుడు దాని స్థితి ఎట్లుండునో పది వాక్యములలో వ్రాయుడు.