బాడుగ బండికి బయటి సైలెన్సర్

ప్రశ్న: మాది గిద్దలూరు పక్కన పల్లెటూరు. నా పేరున 2021 మోడల్ డీజిల్ పికప్ ఉంది. పత్తి, మిరప, అప్పుడప్పుడు మార్కాపురం పలకలు బాడుగకు వేస్తుంటాను. డ్రైవర్ లేడు, నేనే నడుపుకుంటాను. దిగువమెట్ట దాటి నంద్యాల ఘాట్ ఎక్కేటప్పుడు లోడుతో బండి లాగడం లేదు. సైలెన్సర్ కూడా తుప్పుపట్టి చిల్లు పడింది. షోరూంలో మార్పిస్తే చాలా అవుతుందంటున్నారు. మా మెకానిక్ ‘ఫ్రీఫ్లో’ పైపు వేస్తాడట, మధ్యలో ఉన్న డబ్బా పీకేస్తాడట, ఇక బండి గాల్లో పోతుందట. పాత సామాను తనకిచ్చేస్తే 2 వేలు తగ్గిస్తానన్నాడు. వేయించుకోవచ్చా? దారిలో ఎవరైనా ఆపితే ఏమవుతుంది?

జవాబు: మీ మెకానిక్ అంతా ఒకే పని అన్నట్టు చెబుతున్నాడు గానీ ఇందులో రెండు పనులున్నాయి. చిల్లుపడిన సైలెన్సర్ తీసి మంచిది వేయించుకోవడం మొదటిది. దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు. చిల్లు సైలెన్సర్‌తో తిరగడమే తప్పు. కొత్తది షోరూంలోనే కొనాలన్న రూలు కూడా లేదు. మీ మోడల్‌కు కంపెనీ పెట్టినదాని మాదిరే పనిచేసే సామాను ఎవరు తయారు చేసినా వేయించుకోవచ్చు. రెండో పని, అంటే శబ్దం అణిచే భాగాన్నీ పొగను శుభ్రం చేసే డబ్బానూ తీసేసి ఖాళీ గొట్టం బిగించడం, మాత్రం వద్దు. బయటి సామాను అన్న పేరుతో రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ గందరగోళం.

చట్టం సంగతి చూద్దాం. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ‘నిబంధనల్లో ఉన్న కొలతలకు లోబడి ఉంటే చాలు, మార్చుకోవచ్చు’ అన్న వాదన కేరళ హైకోర్టులో ఒకసారి నెగ్గింది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఆ తీర్పును కొట్టేసి, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లే ప్రమాణమని తేల్చింది. అయితే ఆర్‌సీలో సైలెన్సర్ ఊసు ఎక్కడుందని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే. ఆ వాదన లాయర్లు చేసుకుంటారు గానీ, మీకు నేరుగా తగిలే నిబంధనలు వేరే ఉన్నాయి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ, ట్రాక్టరుతో సహా, ఇంజిన్ నుంచి వెలువడే పొగ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. పొగ పరిమితులు 115వ నిబంధనలో ఉన్నాయి. శబ్దం, పొగ ప్రమాణాలను మీరి బండి నడిపినా, నడపనిచ్చినా 190వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి దొరికితే 3 నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దాంతోపాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత. ఈ చివరి ముక్క దగ్గర కాస్త ఆగండి. జరిమానా ఒక బాడుగ డబ్బుతో పోతుందేమో గానీ, మీ బండి మీరే నడుపుకుంటున్నప్పుడు మూడు నెలలు స్టీరింగ్ పట్టకపోతే కిస్తీలు ఎవరు కడతారు?

ఇది కాక 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ఒకటుంది. చట్టం ఒప్పుకోని సామాను బిగించి బండిని మార్చిన యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ. ‘యజమాని’ అని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి, బండిని డ్రైవర్ల చేతికిచ్చి ఊళ్లో ఉండే ఓనర్లు కూడా ఇది చదువుకోవాలి. కుర్రాడు ముచ్చటపడి వేయించుకున్నాడు, నాకు తెలియదు అంటే సరిపోదు. విశాఖ, హైదరాబాద్ పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించిన సైలెన్సర్ల ఫొటోలు పేపర్లలో చూసే ఉంటారు. అవి ఎక్కువగా మోటారు సైకిళ్లవే. సెక్షన్లకు మాత్రం బైకు, పికప్ అన్న తేడా లేదు.

ఇప్పుడు ఆ డబ్బా గురించి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్‌-6 ప్రమాణాలు వచ్చాయి. మీది 2021 మోడల్ కాబట్టి ఆ తరం బండే. ఈ డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టరును డీపీఎఫ్ అంటారు. బండి వేడెక్కి కొంతసేపు ఒకే వేగంతో పరుగెడితే అందులోని మసి దానంతటదే కాలిపోతుంది. తోట నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇంటికి చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే కాలదు, పేరుకుపోతుంది. అప్పుడు మీటరు దగ్గర లైటు వెలుగుతుంది, బండి లాగడం మానేస్తుంది. మీరు చెబుతున్న లక్షణం అదే కావచ్చు. సర్వీసు సెంటర్లో కంప్యూటర్ పెట్టి ఆ మసిని కాల్పించే పద్ధతి ఉంది. ముందు అది అడగండి. డబ్బా పీకేస్తే లైటు ఆరదు, దాన్ని ఆర్పడానికి ఇంజిన్ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలి. అంటే ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు చేయించుకోవడం.

మీది పసుపు బోర్డు బండి కాబట్టి అందరికంటే ముందు అడిగేది బ్రేక్ ఇన్‌స్పెక్టరే. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాదికోసారి. ఎఫ్‌సీకి ముందురోజు పాత సైలెన్సర్ బిగించి, అయిపోయాక మళ్లీ మార్చుకునేవాళ్లున్నారని నాకూ తెలుసు. ఆ రెండు బిగింపుల కూలీ, మధ్యలో పట్టుబడితే అయ్యే ఖర్చు కలిపి చూసుకుంటే మిగిలేది ఏమీ లేదు.

బిగింపులో కూడా చూసుకోవలసినవి ఉన్నాయి. పొగ కిందికి గానీ ఎడమ పక్కకు గానీ కొట్టకూడదు, కుడి పక్కకో వెనక్కో పోవాలి. డీజిల్ ట్యాంకు నుంచి వచ్చే పైపుకు 35 మిల్లీమీటర్ల లోపు పొగగొట్టం ఉండకూడదు. ఇవీ పైన చెప్పిన 1989 నిబంధనల్లో ఉన్నవే. స్టైల్ కోసం గొట్టాన్ని ఎడమ చక్రం ముందుకు తిప్పి వెల్డింగు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. పైన పత్తి, కింద ఎర్రగా కాలిన గొట్టం, పక్కనే డీజిల్ పైపు. నల్లమల దారిలో, సిగ్నలే అందని చోట, ఆ బండికి మంట అంటుకుంటే చట్టం తర్వాత సంగతి.

ఇన్సూరెన్స్ గురించి భయాలూ ఎక్కువే, అపోహలూ ఎక్కువే. మీ బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే, సైలెన్సర్ మార్చారన్న సాకుతో కంపెనీ బాధితులకు పరిహారం ఎగ్గొట్టలేదు. చట్టం 150వ సెక్షన్లో కంపెనీకిచ్చిన సాకుల్లో అది లేదు. మీ బండికి జరిగిన నష్టం వేరు. మంట ఆ గొట్టం వల్లే వచ్చిందని సర్వేయర్ రాస్తే మీ క్లెయిం చిక్కుల్లో పడుతుంది. అదే బండి దొంగతనానికి పోతే, సైలెన్సరుకూ దొంగతనానికీ సంబంధం లేదని గట్టిగా నిలబడండి. సొంత కారును బాడుగకు తిప్పారని దొంగతనం క్లెయిం తిరస్కరిస్తే, 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉల్లంఘనకూ దొంగతనానికీ సంబంధం లేదని చెప్పి, క్లెయింలో 75 శాతం ఇప్పించింది.

వారంటీ విషయంలోనూ అంతే. బయట చేయి వేయించారు కాబట్టి మొత్తం వారంటీ పోయిందని షోరూంలో అంటే ఊరుకోవద్దు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ టాటా, మహీంద్రాతో సహా 14 కంపెనీల మీద ఇచ్చిన ఆదేశంలో, బయటి రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ రద్దు చేయవచ్చని చెప్పింది. కంపెనీలు దాని మీద కోర్టులకెక్కాయి, నిజమే. అయినా షోరూం మేనేజరు ముందు పెట్టడానికి అంతకంటే మంచి కాయితం లేదు. గేర్‌బాక్స్ పాడైతే దానికీ సైలెన్సరుకూ సంబంధమేమిటో రాతపూర్వకంగా ఇవ్వమనండి.

మరి ఏం చేయాలి? మీ మోడల్ పేరు, బీఎస్‌-6 అన్న మాట, పార్టు నంబరు రాసిన బిల్లుతోనే సైలెన్సర్ కొనండి. తెల్ల కాగితం మీద రాసిచ్చే లెక్క బిల్లు కాదు. పాత సామాను ఇంటికి తెచ్చుకోండి. 2 వేలు తగ్గిస్తానన్నది మీ మీద ప్రేమతో కాదు. పొగను శుభ్రం చేసే భాగంలో ప్లాటినం, పలాడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లను రాత్రికి రాత్రి కోసుకుపోయే ముఠాలు దేశమంతా పట్టుబడింది దాని కోసమే. మీ డబ్బా విలువ మీ మెకానిక్‌కు బాగా తెలుసు.

చట్టబద్ధమేనని నమ్మించి ఎవరైనా తప్పుడు సామాను అంటగడితే రెండేళ్లలోపు ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. బాడుగ బండి కాబట్టి మీరు వ్యాపారి, వినియోగదారుడు కాదు అని అవతలి లాయరు తప్పక అంటాడు. సొంతంగా నడుపుకుని బతికేవాడికి ఆ మినహాయింపు వర్తించదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే రాసి ఉంది. ఫిర్యాదులో మొదటి పేరాలోనే ‘బండి నేనే నడుపుకుని జీవిస్తున్నాను’ అని రాయండి. ముందు 1915కు ఫోన్ చేసి చూడటం కూడా మేలే.

ఇక దారిలో ఆపితే. కాయితాలు ఫోన్లో డిజిలాకర్లో చూపిస్తే చాలు. 207వ సెక్షన్ కింద బండిని స్వాధీనం చేసుకునేది లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లాంటివి లేనప్పుడు. సైలెన్సర్ ఒక్కటే కారణమైతే ఏ సెక్షన్ కింద బండి ఉంచుతున్నారో రాసివ్వమని మర్యాదగా అడగండి. చలానా చేతికి తీసుకోండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. తప్పు లేదనుకుంటే జరిమానా కట్టకుండా కోర్టులో చెప్పుకునే హక్కు మీకుంది. సైలెన్సర్ బిల్లు మీకు అక్కరకొచ్చేది అక్కడే, అందుకే ఆర్‌సీతో పాటు బండిలోనే ఉంచుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే మార్కాపురం, గిద్దలూరు కోర్టు ఆవరణల్లోని మండల న్యాయ సేవాధికార సంస్థలను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.