గ్యాస్ కొట్టిద్దామా, కొత్తది కొందామా?

ఏసీ చల్లదనం తగ్గగానే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట: "గ్యాస్ అయిపోయింది సార్." బండిలో పెట్రోలులా ఖర్చయిపోయేది కాదది. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాటే. లీకు పట్టకుండా 3,000 పోసి గ్యాస్ కొట్టిస్తే, వచ్చే వేసవికి మళ్లీ అదే మెకానిక్, మళ్లీ అదే 3,000. కాబట్టి పాడైంది ఏ భాగం, ఎందుకు పాడైంది అన్నది ముందు తేలాలి. ఏసీ వయసు సంగతి ఆ తర్వాత.

బయట ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం గుర్రుమని మూలిగి ఆగిపోతోంది. ఇన్వర్టర్ కాని పాత ఏసీల్లో ఇది చాలాసార్లు కెపాసిటర్ జబ్బే. కొన్ని వందల్లో పోతుంది. దీన్నే "కంప్రెసర్ పోయింది, కొత్తది కొనండి" అని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. కెపాసిటర్ మార్చి చూశాకే ఆ మాట నమ్మండి. గోడ మీద నీళ్లు కారడం, గాలి సరిగా రాకపోవడం చాలావరకు మురికి వల్లే. పదిహేనేళ్ల ఏసీకైనా ఇలాంటివి బాగుచేయించుకోవడమే మేలు.

ఇన్వర్టర్ ఏసీల్లో జేబుకు చిల్లు పెట్టేది పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు. అవుట్‌డోర్ యూనిట్లోకి దూరిన బల్లి బోర్డు మీద పడి చస్తే చాలు, షార్టయి మాడిపోతుంది. కొత్త బోర్డంటే వేలల్లో మాట. ముందు వారంటీ కార్డు వెతకండి. కంప్రెసర్‌కు 10 ఏళ్లు, పీసీబీకి 5 ఏళ్లు ఇచ్చే కంపెనీలున్నాయి. కాకపోతే కంప్రెసర్ ఉచితంగా ఇచ్చినా గ్యాస్, లేబర్ ఖర్చులు మన నెత్తినే పడొచ్చు.

నేను రిపేరు వద్దనేది ఎక్కడంటే, ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత ఏసీలో కాయిల్ గానీ కంప్రెసర్ గానీ పోయినప్పుడు. ఏ గ్యాసో అవుట్‌డోర్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది. ఓజోన్ పొరకు చేటు చేసే ఆర్-22ను మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం దశలవారీగా వదిలించుకుంటోంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి అవుట్‌డోర్ రేకులు వేలితో తాకితే పొడిగా రాలుతున్నాయా? అయితే ఒకచోట అతికిస్తే ఇంకోచోట కారుతుంది. అక్కడా డబ్బు పోయకండి.

"కరెంటు ఆదాతోనే కొత్త ఏసీ డబ్బు వచ్చేస్తుంది" అంటారు షాపుల్లో. లెక్క వేద్దాం. 5 స్టార్ ఇన్వర్టర్ గంటకు అర యూనిట్ మిగిల్చిందనుకోండి. నైట్ షిఫ్ట్ చేసి పగలు నిద్రపోయే ఉద్యోగి వేసవిలో రోజుకు 8 గంటలు, 120 రోజులు వాడితే 480 యూనిట్లు. యూనిట్ 9 రూపాయల చొప్పున 4,320. నలభై వేల ఏసీ డబ్బు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లకు పైనే. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో 40 రాత్రులు నడిచే ఏసీకైతే ఏడాదికి 1,440. వట్టి కరెంటు ఆదా కోసం నడుస్తున్న ఏసీని మార్చడం దండగే. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటి సంగతి మాత్రం వేరు. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆ గీత దగ్గర ఊగిసలాడే ఇంట్లో తక్కువ లాగే ఏసీ విలువ పెరుగుతుంది. మీ ఏసీ ఎంత లాగుతోందో తెలియాలంటే ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ ఆపి, ఒక గంట ఏసీ ఒక్కటే నడిపి మీటరు చూడండి.

కొనాలని తేలితే మాత్రం మే దాకా ఆగకండి, అప్పటికి బిగించే మనిషే దొరకడు. పాత రాగి పైపే వాడేద్దామంటే ఒప్పుకోవద్దు. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాస్ ఒత్తిడి ఆర్-22 కన్నా ఎక్కువ, కంప్రెసర్ ఆయిల్ కూడా వేరే. బిగించడానికి వచ్చినవాళ్లను, పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు తెచ్చారా అని గుమ్మంలోనే అడగండి. తేకపోతే తెచ్చుకుని రేపు రమ్మనండి.