ఉద్యోగ వీసా నుండి దంపతుల వీసాకు — ఒక పరిశీలన

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుండి తార్నాక వైపు వెలుపలికి రాగానే, విదేశీ చదువులకూ వీసాలకూ సంబంధించిన ప్రకటన పలకలు వరుసగా కనిపిస్తాయి. ఉర్దూలో ‘తార్’ అనగా తీగ. ‘నాకా’ అనగా రాకపోకలను ఆపి విచారించే చోటు. తీగకంచె దగ్గరి కాపలా చోటు కావడం వలన ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుకొంటారు. నేడు అక్కడ తీగా లేదు, కాపలావాడూ లేడు. కాని ఆ వీధులలో అద్దె గదులలో ఉండి చదువుకొన్న మన యువతీయువకులు ఎందరో సముద్రాలకు ఆవల మరొక నాకా ముందు నిలబడుతున్నారు. ఆ నాకా పేరు వీసా.

ఈ విషయాన్ని గురించి వ్రాయడానికి నన్ను పురికొల్పిన సంఘటన ఒకటి కలదు. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక సాయంకాలం తార్నాకలో నివసించే ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి నన్ను వెదకుకొంటూ వచ్చారు. వారి కుమార్తె మన కళాశాలలో చదివి, పిదప అమెరికాలో ఎం.ఎస్. పూర్తిచేసి, అక్కడనే ఉద్యోగంలో చేరినది. వివాహమైనది. భర్త కూడ అక్కడనే వేరొక రాష్ట్రంలో ఇంజనీరు. ఇంతలో ఆమె పనిచేసే సంస్థ కొందరిని తొలగించినది. వారిలో ఈమె ఒకరు. ఆయన చేతిసంచిలో నుండి ఉర్దూలో వ్రాసిన నికాహ్‌నామా తీసి, “సార్, దీనిని ఇంగ్లీషులో వ్రాసి ఇవ్వండి. అమ్మాయి వీసా మార్చుకోవాలట. ముప్పై ఎనిమిది రోజులు గడిచిపోయినాయి” అన్నారు. కొంచెం సేపాగి, “చదువుకొని, ఉద్యోగం చేసి, రెండేళ్లు పన్నులు కట్టిన పిల్ల. ఆ కాగితంలో డిపెండెంటు అని వ్రాస్తారట. ఎందుకు సార్?” అని అడిగారు.

అనువాదం ఆ రాత్రియే పూర్తిచేసి ఇచ్చాను. ఆయన ప్రశ్నకు మాత్రం వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ తరువాత చదివి తెలిసికొన్నదానిని మన విద్యార్థుల ప్రయోజనం కొరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

వీసా వేరు, హోదా వేరు

మొట్టమొదట రెండు మాటల మధ్య భేదం గ్రహించాలి. వీసా అనునది పాస్‌పోర్టులో వేసే ప్రవేశ ముద్ర. హైదరాబాదులో 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలిన అమెరికా కాన్సులేటు ఇచ్చేది అదే. అది ఆ దేశపు గుమ్మం వరకు తీసికొనిపోతుంది. లోనికి వెళ్లిన పిదప అక్కడ ఏ పనిమీద, ఎంతకాలం ఉండవచ్చునో తెలిపేది హోదా. దానికి ఆధారం ఐ-94 అను ప్రవేశ నమోదు. ఆ దేశంలోనే ఉండి ‘వీసా మార్చుకొన్నాము’ అని మనవారు అనేటప్పుడు నిజానికి మారినది హోదా మాత్రమే. పాస్‌పోర్టులోని ముద్ర మారదు. అందుచేత హోదా మార్చుకొన్నవారు స్వదేశానికి వచ్చి తిరిగి వెళ్లదలచినప్పుడు కొత్త హోదాకు తగిన వీసా కొరకు కాన్సులేటుకు వెళ్లవలసి ఉంటుంది.

ప్రత్యేక నైపుణ్యం గల ఉద్యోగులకు ఇచ్చే హోదా హెచ్-1బి. 1990 నాటి వలస చట్టం దీనికి నేటి రూపం ఇచ్చినది. సంవత్సరానికి 65,000 మందికి, అమెరికాలో ఉన్నత పట్టం పొందినవారికి అదనంగా 20,000 మందికి ఇది లభిస్తుంది. దరఖాస్తులు అంతకు మించి వస్తున్నందున ఎంపిక జరుగుతుంది. సాధారణంగా దీని గరిష్ఠ కాలం ఆరు సంవత్సరాలు. ఈ ఉద్యోగి భార్యకు లేక భర్తకు, ఇరవై ఒక్క ఏండ్లలోపు అవివాహిత సంతానానికి లభించేది హెచ్-4. ఇది స్వతంత్రమైన హోదా కాదు. మూల హోదా ఉన్నంతకాలమే ఇది ఉంటుంది.

మార్పు జరిగే విధానం

ఉద్యోగం పోయినవారికి 2017 జనవరి నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు కలదు. ఐ-94 గడువు అంతకు ముందే ముగిసేటట్లయితే ఆ తేదీయే హద్దు. ఈ లోపల వేరొక సంస్థ ఆమె పక్షాన దరఖాస్తు చేయాలి, లేదా ఆమె హోదా మార్పు కోరాలి, లేదా దేశం విడిచిరావాలి. భర్త హెచ్-1బిలో ఉన్నాడు గనుక తన హోదా దానంతట అదే నిలుస్తుందని కొందరు భ్రమపడుతున్నారు. మా విద్యార్థిని కూడ తొలి నెల అంతా అట్లే అనుకొన్నదట. వివాహం అర్హతను మాత్రమే ఇస్తుంది. హోదా కావాలంటే దరఖాస్తు చేయవలసినదే.

ఆ దరఖాస్తు పేరు ఐ-539. దానితోపాటు భర్త హోదాను తెలిపే పత్రాలు, ఆమె అంతవరకు సక్రమంగా ఉన్నట్లు చూపే జీతపు కాగితాలు, వివాహ ధృవపత్రం జతచేయాలి. గడువులోపల దరఖాస్తు చేరినట్లయితే నిర్ణయం వెలువడే వరకు అక్కడ ఉండవచ్చును. నిర్ణయం రాకముందే దేశం దాటి వెలుపలికి పోతే హోదా మార్పు కోరికను వదులుకొన్నట్లుగా పరిగణిస్తారు. అన్న పెండ్లికనో, తల్లి అనారోగ్యమనో బయలుదేరేవారు ఈ నియమాన్ని మరువరాదు.

ఉద్యోగం ఉండగానే, పసిబిడ్డ కొరకో, భర్త ఉన్న ఊరికి చేరడానికో స్వచ్ఛందంగా మారేవారూ ఉన్నారు. వారు హెచ్-4 అమలులోకి వచ్చిన నాటి నుండి ఉద్యోగం చేయరాదు. ఒక్క రోజు చేసినను అది నియమోల్లంఘనమే.

నికాహ్‌నామా విషయం

ఆంగ్లేతర భాషలోని ఏ పత్రానికైనను సంపూర్ణమైన ఆంగ్లానువాదం జతపరచాలి. అనువాదకుడు తనకు ఆ రెండు భాషలూ వచ్చుననీ, అనువాదం సమగ్రమూ యథార్థమూ అనీ వ్రాసి సంతకం చేయాలి. ముద్రలలోని అక్షరాలను సైతం విడువరాదు. నేను అనువదించిన పత్రంలో మెహర్ మొత్తం, సాక్షుల పేర్లు, ఖాజీ ముద్ర, హిజ్రీ తేదీ, దానికి సరియగు క్రీస్తుశక తేదీ అన్నీ ఉన్నాయి. కాని వధువు పేరు నికాహ్‌నామాలో ఒక విధంగా, పాస్‌పోర్టులో మరొక విధంగా ఉన్నది. ఆ భేదాన్ని వివరిస్తూ వేరొక ప్రమాణపత్రం చేయించవలసి వచ్చినది. దానికి నాలుగు రోజులు పట్టినది. అరవై రోజులలో నాలుగు రోజులు తక్కువ కాలం కాదు.

ఖాజీ దఫ్తరులోని సియాహానామా ఆధారంగా వక్ఫ్ బోర్డు నుండి ఆంగ్లంలో ధృవపత్రం పొందే పద్ధతి మన రాష్ట్రంలో ఉన్నది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వివాహాల నిర్బంధ నమోదు చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పెండ్లినాడే పాస్‌పోర్టు ముందుంచుకొని అందులోని అక్షరాల ప్రకారం పేర్లు వ్రాయించడం, ఆ నెలలోనే నమోదు చేయించడం ప్రతి కుటుంబానికీ అలవాటు కావాలి.

పోగొట్టుకొనేది, మిగిలేది

హెచ్-4లోకి మారిన వ్యక్తి పోగొట్టుకొనేది ప్రధానంగా ఉద్యోగ హక్కు. అయితే చదువుకొనే హక్కు ఉంటుంది. అందుకు వేరుగా విద్యార్థి వీసా అవసరం లేదు.

మనవారిలో చాలమందికి తెలియని ముఖ్యవిషయం మరొకటి ఉన్నది. వార్షిక పరిమితిలో ఒకసారి లెక్కింపబడిన వ్యక్తి తన ఆరు సంవత్సరాలలో వాడుకొనగా మిగిలిన కాలాన్ని తిరిగి పొందడానికి మరల ఎంపికలో పాల్గొనవలసిన పని లేదు. హెచ్-4లో గడిపిన కాలం ఆ ఆరు సంవత్సరాల నుండి తీసివేయబడదు. మా విద్యార్థిని 2 సంవత్సరాల 3 నెలలు హెచ్-1బిలో పనిచేసినది. కనుక ఆమెకు 3 సంవత్సరాల 9 నెలలు మిగిలి ఉన్నాయి. ఆమె పక్షాన దరఖాస్తు చేయు సంస్థ దొరికిననాడు ఆ లెక్క అక్కడి నుండి కొనసాగుతుంది. పరిమితి వర్తించని విశ్వవిద్యాలయాలలో మాత్రమే పనిచేసినవారికి ఈ సౌకర్యం ఇట్లు వర్తించదు. వారు పరిమితిలో లెక్కింపబడలేదు గనుక బయటి సంస్థలో చేరాలంటే ఎంపికను ఎదుర్కొనవలసి ఉంటుంది. ఏమైనను పాత ఆమోద పత్రాలను, జీతపు కాగితాలను పారవేయరాదు. తిరిగి ఉద్యోగానికి రావడానికి అవే ఆధారాలు.

రెండవ మార్గం హెచ్-4లోనే ఉద్యోగానుమతి పొందడం. 2015 మే 26 నుండి అమలులోకి వచ్చిన నియమం ప్రకారం, భర్తకు లేక భార్యకు శాశ్వత నివాసం కొరకు సంస్థ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందినచో, లేక ఆ ప్రక్రియ కారణంగా హెచ్-1బి ఆరు సంవత్సరాలు దాటి పొడిగింపబడినచో, హెచ్-4లో ఉన్నవారు ఈ అనుమతి కోరవచ్చును. శాశ్వత నివాసం కార్డుల జారీలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించరాదన్న నియమం వలన భారతీయుల నిరీక్షణ ఏండ్ల తరబడి సాగుతున్నది. అందుకే ఈ అనుమతి మనవారికి ఎక్కువగా అవసరమైనది. 2017 డిసెంబరు నాటికి తొలిసారి అనుమతి పొందినవారు సుమారు 91,000 మంది. వారిలో నూటికి 93 మంది స్త్రీలు. నూటికి 93 మంది భారతదేశంలో జన్మించినవారు.

ఈ నియమం చెల్లదంటూ 2015లోనే దాఖలైన దావాలో, 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లోని అప్పీలు న్యాయస్థానం నియమాన్నే సమర్థించినది. కాని 2025 అక్టోబరు 30 నాడు గాని, ఆ తరువాత గాని పంపిన పునరుద్ధరణ దరఖాస్తులకు పాత అనుమతి దానంతట అదే పొడిగింపబడే సౌకర్యాన్ని ప్రభుత్వం తొలగించినది. కావున అనుమతి గలవారు గడువుకు చాల ముందుగానే పునరుద్ధరణకు పూనుకోవాలి.

ఒకరి హోదాపై మరొకరి జీవితం

ఈ ఆధారపడటం ఎంత బలహీనమైనదో మన నగరానికి చెందిన ఒక విషాదం లోకానికి చూపినది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో, హైదరాబాదువాసి శ్రీనివాస్ కూచిభొట్ల జాతివిద్వేషంతో జరిగిన కాల్పులకు బలి అయ్యారు. భర్త మరణంతో ఆయన సతీమణి సునయన దుమాలకు ఆ దేశంలో ఉండే హక్కు కూడ ప్రశ్నార్థకమైనది. ఆమె హోదా భర్త హోదాపై ఆధారపడినది గనుక చట్టం దృష్టిలో ఆయనతోపాటే అదీ ముగిసినది. ఆ ప్రాంతపు కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ మొదలైనవారి సహాయంతో ఆమె తాత్కాలిక అనుమతి పొంది తిరిగి తన పనికి వెళ్లగలిగినది. ప్రపంచం దృష్టిలో పడిన కుటుంబానికి ఆ సహాయం దొరికినది. అందరికీ దొరకుతుందని అనుకొనడానికి వీలులేదు.

భర్త ఉద్యోగం పోయినను, విడాకులు జరిగినను హెచ్-4కు ఆధారం పోతుంది. ఇంట హింసకు గురయ్యే స్త్రీ ఈ భయంతోనే మౌనంగా ఉండిపోవడం కలదు. అట్టివారు విడిగా ఉద్యోగానుమతి కోరే అవకాశాన్ని 2006 జనవరిలో అమలులోకి వచ్చిన ఒక చట్టం కల్పించినది. దాని దరఖాస్తు పేరు ఐ-765వి. ఆడపిల్లలను పంపే తలిదండ్రులు ఈ ఒక్క పేరైనను గుర్తుంచుకోవడం మంచిది.

అన్ని దేశాలలోనూ చట్టం ఒకే విధంగా లేదు. దుబాయి మొదలైన ఎమిరేట్లలో భర్త పూచీపై నివసించే భార్య, తనను నియమించే సంస్థ ద్వారా పని అనుమతి పొంది ఉద్యోగం చేయవచ్చును. బ్రిటనులో నిపుణ ఉద్యోగిపై ఆధారపడి ఉన్న భార్యకు లేక భర్తకు పని చేసే హక్కు ఉన్నది. అమెరికాలోనే ఒక సంస్థ తన విదేశీ శాఖ నుండి బదిలీ చేసిన ఉద్యోగుల దంపతులకు 2002 నుండి ఉద్యోగార్హత కలదు. దీనిని బట్టి హెచ్-4పై గల నిషేధం మానవులు చేసిన నియమమనీ, మార్చదగినదనీ తెలుస్తున్నది.

ముగింపు

ఇక ఆ తండ్రి ప్రశ్న. తెలుగులో భార్యను సహధర్మచారిణి అంటాము. ఉర్దూలో దంపతులలో ఒకరికొకరు షరీకె హయాత్, అనగా జీవితంలో భాగస్వాములు. నేను అనువదించిన నికాహ్‌నామాలో వధువు అంగీకారం వేరుగా వ్రాసి, ఆమె సంతకం తీసికొన్నారు. ఆమె లేనిదే ఆ పత్రం లేదు. వలస చట్టం ఆ సంబంధాన్ని గుర్తించి కుటుంబాన్ని కలిపి ఉంచుతున్నది; అది మేలే. కాని అందులో ఒకరిని మూలంగా, మరొకరిని ఆశ్రితంగా లెక్కించినది. డిపెండెంటు అన్నది ఆ చట్టంలోని లెక్క. మీ అమ్మాయి చదువునకూ, శక్తికీ అది కొలత కాదని ఆ తండ్రికి తరువాత చెప్పగలిగాను.

దరఖాస్తు యాభై మూడవ రోజున చేరినది. కొన్ని నెలలకు ఆమోదం లభించినది. భర్తకు ఐ-140 ఆమోదం ఇంకను రాలేదు గనుక ఆమె ఉద్యోగానికి తిరిగి రాలేదు. అక్కడి కళాశాలలో చదువుతున్నది. తన 3 సంవత్సరాల 9 నెలల లెక్కను ఒక కాగితంపై వ్రాసి, పాత పత్రాలతో కలిపి భద్రపరచుకొన్నానని తండ్రికి తెలిపినది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఆ దారిన వెళ్లవచ్చును. పత్రంపై సంతకం చేయకముందు మూడు ప్రశ్నలు వేసికొనండి: ఏమి వదులుకొంటున్నాను? ఏమి మిగులుతున్నది? తిరిగి వచ్చే దారి ఏది? నియమాలు మారుతూ ఉంటాయి గనుక అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రకటనలను మీరే చదవండి. సందేహమున్నచో ఆ దేశపు న్యాయవాదిని సంప్రదించండి. కళాశాల సంఘం పెద్దలకు కూడ ఒక మనవి. సంవత్సరానికి ఒక దినమైనను ఈ విషయంపై విద్యార్థులకూ, తలిదండ్రులకూ ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక అవగాహన సభ ఏర్పాటు చేయించగలరు. అట్టి సభ ఒకటి మనకు ఇంతకు ముందే ఉండి ఉంటే ఆ తండ్రి ముప్పై ఎనిమిదవ రోజున కాక మొదటి వారంలోనే వచ్చి ఉండేవారు.