కంటి దురద: కారణములు, ఉపశమనము, పంచాయతీ కర్తవ్యము

ఎండలు ముదిరి, కళ్లములలో నూర్పిళ్లు సాగు దినములలో కండ్లు నులుముకొను పిల్లలు ప్రతి వీథిలోను కనబడుదురు. దురద స్వల్పమైన బాధయే యని పెద్దలు ఉపేక్షింతురు. కాని అదేపనిగా నులుముటవలనను, తెలియని మందులు వేయుటవలనను చూపునకే ముప్పు వాటిల్లవచ్చును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా గ్రహించి, గ్రామస్థులకు తెలియజెప్పుట అవసరము.

దురద ఏల కలుగును?

కంటి తెల్లగ్రుడ్డును, రెప్పల లోపలి భాగమును ఒక పలుచని పొర కప్పియుండును. కొందరి శరీరమునకు ధూళి, పుప్పొడి, పశువుల నూగు వంటివి సరిపడవు. అవి ఆ పొరను తాకినపుడు అందలి కొన్ని కణములు హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయును. అందువలన కన్ను ఎఱ్ఱబడి, నీరుకారి, దురద పుట్టును. దీనినే అలర్జీ యందురు. కన్ను నులిమినచో క్షణకాలము హాయిగా నుండును. కాని ఆ ఒత్తిడికి హిస్టమిన్ మరింత వెలువడి దురద ఇనుమడించును. ఏండ్ల తరబడి గట్టిగా నులుముకొను కొందరిలో నల్లగ్రుడ్డుపై నుండు పారదర్శకమైన పొర పలుచబడి, శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చి, చూపు మసకబారును.

గుర్తింపవలసిన భేదములు

అలర్జీయందు సాధారణముగా రెండు కండ్లును దురద పెట్టును. నీరు గాని, తీగవలె సాగు తెల్లని పుసి గాని వచ్చును. కండ్లకలకయందు దురదకంటె ఎరుపు, గరగర, పుసి హెచ్చు. తెల్లవారుసరికి రెప్పలు అంటుకొనియుండును. ఇది చేతులద్వారా, తువాళ్లద్వారా ఒకరినుండి ఒకరికి సోకును. 2023 వర్షకాలములో ఇది దేశమున అనేక రాష్ట్రములలో వ్యాపించినది. ఇక కంటిలో తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు తగ్గుట, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ—వీనిలో ఏ ఒక్కటి కనబడినను జాగు చేయక కంటివైద్యునికి చూపవలెను.

ఇంట చేయదగిన ఉపశమనము

1. కన్ను నులుమరాదు. శుభ్రమైన గుడ్డను చల్లని మంచినీటిలో తడిపి, మూసిన రెప్పలపై 5 లేక 10 నిమిషములు ఉంచవలెను.
2. పొలమునుండి వచ్చినంతనే చేతులు, ముఖము కడుగుకొనవలెను. తువాలు ఎవరిది వారికే ఉండవలెను.
3. నూర్పిళ్లవేళ, మిరపకాయలు దంచునపుడు కండ్లద్దములు ధరించుట మేలు.
4. చనుబాలు, ఆముదము, ఆకుపసరులు కంటిలో వేయరాదు. వానిద్వారా సూక్ష్మజీవులు చేరి కంటిలో పుండ్లు ఏర్పడవచ్చును.

దుకాణపు చుక్కలమందుతో ప్రమాదము

5 మొదలు 15 సంవత్సరముల వయస్సుగల పిల్లలలో, విశేషించి మగపిల్లలలో, ఏటేట వేసవిలో ముదురు తీవ్రమైన అలర్జీ ఒకటి కలదు. యుక్తవయస్సు వచ్చునప్పటికి చాలమందిలో ఇది తగ్గిపోవును. అంతవరకు కంటిని కాపాడుకొనుటయే ముఖ్యము. అయితే కొందరు తల్లిదండ్రులు దుకాణములో అడిగి స్టిరాయిడ్ కలిసిన చుక్కలమందు తెత్తురు. శీఘ్రముగా దురద తగ్గుటచే, మరల మరల అదే సీసా కొని నెలల తరబడి వేయుదురు. ఈలోగా కొందరి కంటిలో ఒత్తిడి పెరిగి, ఏ నొప్పియు తెలియకుండగనే చూపునరము దెబ్బతినును. ఇదియే నీటికాసుల వ్యాధి. శుక్లములును ఏర్పడవచ్చును. శుక్లమును శస్త్రచికిత్సచే తొలగింపవచ్చును గాని, నీటికాసులవలన పోయిన చూపు మరల రాదు. స్టిరాయిడ్ మందు చెడ్డది కాదు. వైద్యుడు అవసరమును బట్టి, గడువు విధించి, ఒత్తిడి పరీక్షించుచు వాడించును. వైద్యుని చీటీ లేనిదే దానిని అమ్మరాదని నిబంధన కలదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 11వ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము, పారిశుధ్యము చేరియున్నవి. కావున ఈ బాధ్యత పంచాయతీలకు సహజముగనే కలదు. బాటల ప్రక్కను, బడి ఆవరణలోను పెరుగు వయ్యారిభామ మొక్క పుప్పొడి అనేకులకు సరిపడదు. అది పూయకముందే, చేతులకు తొడుగులు, ముఖమునకు గుడ్డ కట్టుకొని వేళ్లతో పెరికించవలెను. చెత్తను కాల్చనీయరాదు. బడిలో చేతులు, ముఖము కడుగుకొనుటకు నీటి వసతి కల్పింపవలెను. ఆశా కార్యకర్త సాయముతో తరచు కండ్లు నులుముకొను పిల్లల పట్టిక వ్రాయించి, వారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను.

ఇట్టి పనుల ఫలము చిన్నది కాదు. ఒకప్పుడు మన దేశమున అనేకులను అంధులను చేసిన ట్రకోమా అను అంటువ్యాధి, ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో గుర్తించినది. ఆ విజయమునకు మందులతోపాటు ముఖము కడుగుకొను అలవాటు, మంచినీరు, పారిశుధ్యము తోడ్పడినవి.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో వయ్యారిభామ ఎచ్చటెచ్చట పెరుగుచున్నది? ఎప్పుడు తీయింతము?
2. బడిపిల్లలు ముఖము కడుగుకొనుటకు తగిన నీరు ఉన్నదా?
3. వైద్యుని చీటీ లేకుండ కంటిమందు వాడుచున్న పిల్లలు ఎందరు? వారిని పరీక్షకు ఎప్పుడు పంపుదుము?