విప్పి చూశాకే కొను

చిన్నోడా,

తాతయ్య మారుతి 800కి వెనక బ్రేకులు నువ్వే మారుస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో కంగారుపడింది. నాకైతే సంతోషమే. బ్రేకు షూల సెట్టు అప్పుడే కొనేశావని విన్నప్పుడు మాత్రం చిరాకేసింది. డ్రమ్ము విప్పకుండానే ఏం పోయిందో నీకెలా తెలిసిందిరా?

బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు తూలుతుంది. పనిలో ఎక్కువ భాగం ముందు డిస్కులే చేస్తాయి కాబట్టి వెనక షూలు నిదానంగా అరుగుతాయి. పైగా డ్రమ్ము లోపల ఉంటాయి. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ వాటి జోలికి పోరు.

బండిని చదును నేల మీద ఫస్ట్ గేరులో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టు. హ్యాండ్ బ్రేకు దించెయ్, లేకపోతే షూలు పట్టుకుని డ్రమ్ము ఊడదు. జాకీ లేపడానికే. బండి నిలబడాల్సింది స్టాండ్ల మీద. ఇటుకల మీద నిలబెడతానంటే అసలు మొదలే పెట్టకు.

చక్రం ఊడదీసి, మధ్య నట్ తీసినా డ్రమ్ము రాకపోతే, అరిగిన డ్రమ్ము అంచున ఏర్పడిన గట్టుకు షూలు తగులుకుని ఉండొచ్చు. షూలను కాస్త లోపలికి వదులు చేసి, చెక్కసుత్తితో చుట్టూ తట్టు. అది పోత ఇనుము, ఇనుపసుత్తితో అంచు మీద బాదితే పెచ్చు ఊడుతుంది. లోపలి దుమ్మును నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదకు. షూల మీది పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారెయ్.

ఇక అసలు పని. షూలను తోసే వీల్ సిలిండర్ చివర రబ్బరు తొడుగు అంచును గోటితో మెల్లగా ఎత్తు. పొడిగా ఉంటే సరే. వేలికి తడి తగిలిందా, అది బ్రేక్ ఆయిలే. సిలిండర్ వదిలేసి కొత్త షూలు వేస్తే, కొన్నాళ్లకు అవీ నూనెలో నాని జారతాయి. నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి వాడుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు, వినకు. డ్రమ్ము లోపల వేలు తిప్పి గాడులు చూడు. అది ఎంతవరకు అరగొచ్చో సాధారణంగా దాని మీదే పోతపోసి ఉంటుంది.

ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పు. ఏ స్ప్రింగు ఏ కన్నంలోదో అనుమానమొస్తే రెండో పక్క చూసుకోవచ్చు, కాకపోతే అక్కడ అంతా ఎడమ కుడి తారుమారుగా ఉంటుంది. స్ప్రింగులు లాగేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో. డ్రమ్ము విప్పి ఉండగా పెడలు ఎవ్వరూ తొక్కకూడదు, సిలిండర్లోంచి పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. షూలు మార్చాల్సొస్తే రెండు పక్కలా మార్చు.

హ్యాండ్ బ్రేకు కేబులు చివర్న బిగించు. ముందే బిగించి, షూల వదులును దాంతో సరిపెడతారు కొందరు. అది మోసం. పెడలు మెత్తగా దిగబడితే బ్రేక్ ఆయిల్లో ఎయిర్ ఉన్నట్టే, తియ్యడానికి రెండో మనిషి కావాలి. మొదటిసారి మీ సందులోనే నెమ్మదిగా నడిపి చూడు.

ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయినా సామాను రాణిగంజ్ బజారు‌లో దొరుకుతుంది, నకిలీ కూడా. పాత షూ పట్టుకెళ్లి, పక్కన పెట్టి పోల్చుకుని కొను. అందుకే ఆదివారం మొదలుపెట్టకు. సిలిండర్ కావాల్సొస్తే షాపులుండవు, బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. శనివారం పొద్దున్నే విప్పు, విప్పాక ఫోటోలు పంపు.

మీ మామయ్య