గ్రామ పాఠశాలపై న్యాయస్థానముల చూపు: పంచాయతీ సభ్యుల బాధ్యత

చెరువు తూము చెడిపోయినచో ఆ దినముననే రైతులు పంచాయతీ ముంగిట చేరుదురు. మంచినీటి బోరు మోటారు కాలిపోయినచో మరునాటికి మరమ్మతు జరుగును. కాని బడిలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీ అయినచో ఊరిలో చప్పుడు వినబడదు. పంట నష్టము ఒక కారులో తేలును. చదువు నష్టము పది సంవత్సరములకు గాని తేలదు. అందువలననే బడి సంగతి అనేక గ్రామములలో చర్చకు రాక మిగిలిపోవుచున్నది.

ఈ విషయమున మన ఉన్నత న్యాయస్థానములు ముప్పది సంవత్సరములకు పైగా తీర్పులును ఆదేశములును ఇచ్చుచు వచ్చినవి. అవి యేవి, వానివలన ఊరి బడికి ఒనగూడునదేమి, వాని అమలులో పంచాయతీ సభ్యులు చేయదగిన పని యేమి అను మూడు సంగతులను ఈ పాఠమున వివరింపదలచినాము. ఉదాహరణములకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను తీసికొందుము.

రెండు ప్రాంతములు, ఒకే వ్యాధి

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లానుండి వేరుపడినది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ అనునవి దాని రెవెన్యూ డివిజనులు. కామారెడ్డి రైలు మార్గమును, జాతీయ రహదారియును గల పట్టణము. ఎల్లారెడ్డి వైపున గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట మండలములలో అడవి అంచు పల్లెలును, లంబాడా తండాలును కలవు.

రహదారికి చేరువనున్న ఊళ్లలో ఉదయము కాగానే ప్రైవేటు బడుల వ్యానులు వచ్చి పిల్లలను తీసికొనిపోవును. సర్కారు బడిలో గదులుండును, పిల్లలు తగ్గుదురు. బస్సు చేరని తండాలో పిల్లలుందురు, వారికి ఉపాధ్యాయుడు దొరకుట కష్టము. పైకి ఇవి వేరువేరుగా కనబడినను మూలమున వ్యాధి ఒక్కటే. ఉపాధ్యాయుడు చాలనిచో తల్లిదండ్రులకు నమ్మకము తగ్గును. నమ్మకము తగ్గినచో పిల్లలు తగ్గుదురు. పిల్లలు తగ్గిరని ఉన్న ఉపాధ్యాయుని వేరొక బడికి సర్దుదురు. ఈ చక్రము నాలుగైదు సంవత్సరములు తిరిగినచో బడికి తాళము పడును. అప్పుడు బీడీలు చుట్టి సంసారము నడుపు తల్లి వ్యాను రుసుమునకై అప్పు చేయవలెను, లేదా ఆడపిల్లను చదువు మాన్పింపవలెను.

న్యాయస్థానములు చెప్పినదేమి?

చదువును హక్కుగా గుర్తించుటలో ముఖ్యమైన తీర్పు మన రాష్ట్రపు వ్యాజ్యముననే వచ్చినది. వృత్తి విద్యా కళాశాలల రుసుములను గూర్చి ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడుమ నడచిన వ్యాజ్యమున 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, పదునాలుగు సంవత్సరముల వయస్సు వరకు ఉచిత విద్య పిల్లలకు ప్రాథమిక హక్కని ప్రకటించినది. వ్యాజ్యము కళాశాలలది, ఫలము పల్లె బడిది. 2002లో 86వ సవరణ ద్వారా 21-ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. దాని ననుసరించి 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చినది.

బడులలో నీరు, మరుగుదొడ్లు లేవను వ్యాజ్యము 2004లోనే సుప్రీంకోర్టు చేరియుండెను. మరుగుదొడ్లు లేని బడికి తల్లిదండ్రులు, విశేషించి ఆడపిల్లలను, పంపుటకు వెనుకాడుదురని ఆ వ్యాజ్యమున న్యాయస్థానము గుర్తించినది. 2012 అక్టోబరు 3న తుది తీర్పు ఇచ్చుచు, బాలబాలికలకు మరుగుదొడ్లు, త్రాగునీరు, చాలినన్ని తరగతి గదులు, బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది ఆరు నెలలలో సమకూర్పవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది.

ఆరు నెలల గడువు గడచినది. తీర్పు అమలు కాలేదని ఉభయ తెలుగు రాష్ట్రముల విషయమున ధిక్కరణ పిటిషను దాఖలైనది. అందు సుప్రీంకోర్టు కాగితములతో తృప్తిపడక, బడులను స్వయముగా చూచి నివేదిక ఇచ్చుటకు న్యాయవాదుల బృందమును పంపినది. అఫిడవిటులో ఉన్న మరుగుదొడ్డి బడిలో ఉన్నదా, ఉన్నను దానికి నీరు వచ్చుచున్నదా అనునది కన్నులతో చూచిన గాని తెలియదు గదా!

2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టు వేరుగా ఏర్పడిన పిదప అక్కడను ఇట్టి విషయములు విచారణకు వచ్చినవి. 2023లో సరూర్‌నగరు ప్రభుత్వ బాలికల జూనియరు కళాశాలలో మరుగుదొడ్ల కొరతను గూర్చి ఒక న్యాయశాస్త్ర విద్యార్థి వ్రాసిన లేఖను హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యముగా స్వీకరించినది. సరిగా వ్రాసిన లేఖ న్యాయస్థానమును కదిలింపగలదని దీనివలన తెలియుచున్నది.

చట్టము కోరు లెక్క

సభ్యులు విద్యాహక్కు చట్టపు అనుబంధమును కంఠస్థము చేయనక్కరలేదు. ఈ క్రింది లెక్క గుర్తుంచుకొనిన చాలును.

ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు, 121 నుండి 200 వరకు ఐదుగురు. 150 దాటినచో వీరికి తోడు ప్రధానోపాధ్యాయుడు. ఆరు నుండి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒకరు చొప్పున ఉండవలెను. విజ్ఞాన గణితములకు ఒకరు, సాంఘికశాస్త్రమునకు ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి.

బడికి ఎండవానలకు తట్టుకొను భవనము, ఉపాధ్యాయునికి ఒక గది చొప్పున గదులు, బాలురకును బాలికలకును వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన త్రాగునీరు, వంటగది, ఆటస్థలము, ప్రహరీ గోడ లేదా కంచె, గ్రంథాలయము ఉండవలెను. వికలాంగులైన పిల్లలు అడ్డంకి లేక ప్రవేశించు మార్గముండవలెను. మంజూరైన ఉపాధ్యాయ స్థానములలో ఖాళీలు నూటికి పది మించరాదని 26వ సెక్షను చెప్పుచున్నది. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయము తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను పంపరాదని 27వ సెక్షను చెప్పుచున్నది.

ఒక తండా బడిని ఊహింతము. అందు ఐదు తరగతులలో 48 మంది పిల్లలున్నారు, ఉపాధ్యాయుడు ఒక్కడే. అతడు మండల సమావేశమునకు పోయిన నాడు బడి మూతబడును. తల్లిదండ్రులు విసిగి 15 మందిని వేరొక చోటికి పంపిరి. మిగిలినవారు 33 మంది. పిల్లలు తగ్గిరి గనుక ఒక ఉపాధ్యాయుడు చాలునని ఎవరైన అనవచ్చును. అది తప్పు. 48 అయినను 33 అయినను చట్టము కోరునది ఇద్దరినే. ఈ ఒక్క లెక్క తెలిసిన సభ్యుడు తన తండా బడికి ఎంతో మేలు చేయగలడు.

తీర్పు వచ్చినను కొరత యేల తీరలేదు?

న్యాయస్థానము ఆదేశింపగలదు, గడువు పెట్టగలదు, అధికారులను పిలిపించి కారణమడుగగలదు. కాని గోడ కట్టలేదు, పాఠము చెప్పలేదు. ధనమును ప్రభుత్వము కేటాయింపవలెను. నియామకము విధి ప్రకారము జరుగవలెను. 2017లో 8,792 ఉపాధ్యాయ స్థానములకు ప్రకటన వెలువడినది. 2023లో వెలువడిన 5,089 స్థానముల ప్రకటన రద్దై, 2024లో 11,062 స్థానములకు కొత్త ప్రకటన వచ్చినది. ఈ నడిమి సంవత్సరములలో పదవీ విరమణలు ఆగలేదు. నియామకము ఆలస్యమైన కొలది తండా బడి ముందుగా నష్టపోవును.

వసతుల విషయమును అట్టిదే. 2022లో ప్రారంభమైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమము 26,065 పాఠశాలలను మూడు విడతలుగా బాగుచేయ సంకల్పించి, మొదటి విడతకు 9,123 పాఠశాలలను ఎన్నుకొన్నది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. మహిళా గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వానికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. పథకముల పేర్లు మారవచ్చును. చట్టము కోరు లెక్క మాత్రము మారలేదు.

మరియొక కారణము గమనింపదగినది. న్యాయమూర్తికి ఊరి బడి కనబడదు. ఊరినుండి వచ్చిన కాగితమే కనబడును. ఊరు కాగితము వ్రాయనిచో కార్యాలయపు లెక్కయే నిలుచును.

పంచాయతీ చేయదగిన పనులు

బడి ప్రభుత్వముది, మనకేమి అని కొందరు సభ్యులందురు. 73వ సవరణతో రాజ్యాంగమున చేరిన పదునొకండవ షెడ్యూలులో 17వ అంశము ప్రాథమిక, మాధ్యమిక విద్య. విద్యాహక్కు చట్టమున ‘స్థానిక సంస్థ’ అను మాటలో గ్రామ పంచాయతీయు చేరియున్నది. కావున బడి మనది కాదనుట చెల్లదు.

మొదటి పని: సభ్యులు ఇద్దరు ముగ్గురు కలిసి బడిని చూచి, పిల్లల సంఖ్య, మంజూరైన స్థానములు, పనిచేయుచున్న ఉపాధ్యాయులు, వాడుకలో నున్న మరుగుదొడ్లు, నీటి వసతి, కారుచున్న గదులు వ్రాసికొనవలెను. ఉపాధ్యాయుని తప్పుపట్టుటకు పోవుచున్నట్లు కాక, అతనికి తోడు నిలుచుటకు పోవలెను. ఒంటరిగా ఐదు తరగతులు నడుపువాడు నిందకు కాదు, సహాయమునకు అర్హుడు.

రెండవ పని: ఆ లెక్కను గ్రామసభలో చదివి, తేదీతో తీర్మానము చేయవలెను. ‘బడికి వసతులు లేవు’ అను తీర్మానమునకు బలము లేదు. ‘48 మందికి ఒక ఉపాధ్యాయుడు, చట్టము ప్రకారము ఇద్దరు కావలెను’ అను తీర్మానమునకు బలము కలదు.

మూడవ పని: ప్రతులను మండల విద్యాధికారికిని, జిల్లా విద్యాశాఖాధికారికిని పంపి రశీదు పొందవలెను. సమాధానము రానిచో 2005నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను.

నాలుగవ పని: 32వ సెక్షను ప్రకారము తల్లిదండ్రులు వ్రాతమూలకముగా ఇచ్చు ఫిర్యాదును స్థానిక సంస్థ మూడు నెలలలో పరిష్కరింపవలెను. దానిపై అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనునకు పోవును.

ఇవన్నియు విఫలమైనప్పుడే హైకోర్టు మార్గము. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును. అప్పుడు మొదట వ్రాసికొన్న లెక్కయు, తీర్మానమును, రశీదులును సాక్ష్యములగును.

త్రాగునీటి గొట్టము, పారిశుద్ధ్యము, కంచె వంటివి పంచాయతీ తన నిధులతోను, ఉపాధిహామీ పనులతోను వీలైనంత వరకు తానే చేయవచ్చును. ఉపాధ్యాయ నియామకము మాత్రము ప్రభుత్వము చేయవలసినది. దానిని పట్టుదలతో అడుగుట పంచాయతీ వంతు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన బడిలో పిల్లలెందరు? చట్టము ప్రకారము ఉపాధ్యాయులెందరు కావలెను? ఉన్నవారెందరు?
2. బాలికల మరుగుదొడ్డికి ఏడాది పొడుగునా నీరు వచ్చుచున్నదా? శుభ్రపరచువారెవరు?
3. గత సంవత్సరము బడి మానిన పిల్లలెవరు? వారి ఇంటికి సభ్యులెవరైన పోయి కారణమడిగిరా?
4. బడిని గూర్చి పంచాయతీ చేసిన చివరి తీర్మానము ఏ తేదీది? దానికి సమాధానము వచ్చినదా?

నాలుగవ ప్రశ్నకు తీర్మానముల పుస్తకములో సమాధానము దొరకనిచో, వచ్చు సమావేశపు కార్యక్రమ పత్రమున మొదటి అంశముగా బడిని చేర్పవలెనని మా సూచన.